ఏకవచనం లేని పిట్ట: బస్తర్ తాటిచెట్ల చుట్టూ తిరిగే అబాబీళ్లు

భద్రాచలం నుంచి చింతూరు, కుంట, సుక్మాల మీదుగా జగదల్‌పూర్ చేరే 30వ నంబరు జాతీయ రహదారి, తెలుగువాళ్లు బస్తర్‌లోకి వెళ్లే ముఖ్యమైన దారి. ఆ దారిలో సాయంత్రం పూట ఏ తాటిచెట్టు దగ్గరైనా కాసేపు ఆగి తల పైకెత్తితే, చెట్టు తల చుట్టూ గిరగిరా తిరిగే సన్నటి నల్లటి పిట్టలు కనిపించవచ్చు. కొడవలి లాంటి రెక్కలు, చీలిన తోక, సన్నగా కీచుమనే అరుపు. అవి కొమ్మ మీద వాలవు. కరెంటు తీగ మీద కూర్చోవు. నేల మీదికి దిగవు.

ఇంగ్లీషులో వీటిని స్విఫ్ట్‌లు అంటారు. హిందీ, ఉర్దూలలో అబాబీల్ అంటారు. తెలుగులో ఏమంటారంటే వెంటనే జవాబు దొరకదు. ‘వానకోకిల’ అనే మంచి మాట నిఘంటువుల్లో ఉంది. కానీ దాని అర్థం స్వాలో, అంటే వేరే పిట్ట. మనలో చాలామంది మాత్రం ‘ఏదో పిట్ట’ అని సరిపెట్టుకుంటాం. రోజూ నెత్తిమీద తిరిగే పిట్టకు స్థిరమైన పేరు లేకపోవడం వల్ల నష్టమేమిటన్నదే ఈ వ్యాసం. ముందుగా అబాబీల్ అన్న మాట దగ్గర మొదలుపెడదాం.

గుంపు పేరే పిట్ట పేరైంది

‘అబాబీల్’ అరబ్బీ మాట. ఖుర్‌ఆన్ 105వ అధ్యాయంలో ఏనుగులతో మక్కా మీదికి వచ్చిన సైన్యాన్ని రాళ్లతో కొట్టిన పక్షుల ప్రస్తావన ఉంది. అక్కడ ఈ మాట పక్షి పేరు కాదు. ‘గుంపులు గుంపులుగా’ అని దాని అర్థం. ఈ మాటకు ఏకవచనమే లేదని చాలామంది అరబ్బీ వ్యాకర్తలు చెబుతారు. ఆ పక్షులు ఏ జాతివో కూడా అక్కడ లేదు.

ఆ మాట ఉర్దూలోకి వచ్చేసరికి ఒక పిట్ట పేరుగా స్థిరపడింది. గుంపులుగా ఎగురుతూ, ఎక్కడా వాలినట్టు కనిపించని స్వాలోలు, స్విఫ్ట్‌లు అబాబీళ్లయ్యాయి. సమూహాన్ని చెప్పే విశేషణం జాతి పేరుగా మారింది. దానికి తెలుగులో మనం ‘లు’ చేర్చి ‘అబాబీళ్లు’ అన్నప్పుడు బహువచనానికి మళ్లీ బహువచనం తగిలిస్తున్నామన్నమాట.

ఈ మార్పు వింతగా అనిపించినా పిట్ట స్వభావానికి సరిపోయింది. పిచ్చుకను, కాకిని, గోరింకను విడిగా, దగ్గరగా చూస్తాం. స్విఫ్ట్‌ను అలా చూసినవాళ్లు తక్కువ. అది మనకు ఆకాశంలో గుంపుగానే పరిచయం.

బారు, మంద, దండు, మూక

పక్షుల గుంపులను ఏమని పిలుస్తామన్నది భాషను బట్టి మారుతుంది. ఇంగ్లీషులో ఒక్కో జాతికి ఒక్కో మాట ఉంది. కాకుల గుంపును ‘మర్డర్’ అంటారు, భరతపక్షుల గుంపును ‘ఎగ్జాల్టేషన్’ అంటారు, స్టార్లింగుల గుంపును ‘మర్మరేషన్’ అంటారు. వీటిలో చాలా మాటలు 15వ శతాబ్దంలో వేటగాళ్ల కోసం, పెద్దింటి పిల్లల కోసం తయారైన జాబితాల నుంచి వచ్చాయి. 1486లో అచ్చయిన ‘బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్’ వాటిలో ప్రసిద్ధమైనది. ఆ మాటల్లో కొన్ని మొదటినుంచీ చమత్కారం కోసం పుట్టినవే. మామూలు సంభాషణలో వాటిని వాడేవాళ్లు తక్కువ. గుడ్లగూబల ‘పార్లమెంట్’ లాంటివి 20వ శతాబ్దంలోనే బాగా ప్రచారంలోకి వచ్చాయి.

సంస్కృతం ఈ పనిని వ్యాకరణానికి అప్పగించింది. జాతి పేరుకు సమూహాన్ని సూచించే ప్రత్యయం చేరిస్తే గుంపు పేరు వస్తుంది. పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయంలో ఇందుకు సూత్రం ఉంది. అమరకోశం సింహాదివర్గంలో ఉదాహరణలున్నాయి. కపోతాల గుంపు కాపోతం, శుకాల గుంపు శౌకం, మయూరాల గుంపు మాయూరం, తిత్తిరి పిట్టల గుంపు తైత్తిరం. కొత్త మాటను కల్పించనక్కర్లేదు, సూత్రం తెలిస్తే చాలు.

తెలుగు దారి ఈ రెండింటికీ భిన్నం. మన మాటలు పక్షి జాతిని బట్టి కాక, గుంపు తీరును బట్టి, దానితో మనకున్న సంబంధాన్ని బట్టి మారతాయి. వరుసగా సాగితే బారు: కొంగల బారు, చీమల బారు. కాపరి ఉంటే మంద: గొర్రెల మంద, డెల్టాలో కోతలయ్యాక వరి మళ్లలోకి తోలే బాతుల మంద. మీదపడి పంట తినేస్తే దండు: మిడతల దండు. నచ్చకపోతే మూక: కాకిమూక. ఏ అభిప్రాయమూ లేకపోతే గుంపు. కొంగలే అయినా ఎగురుతున్నప్పుడు బారు, చెరువులో చేపల కోసం చేరినప్పుడు గుంపు.

అంటే తెలుగులో సమూహవాచకం పలికేవాడు పక్షిని గమనించాడని చెబుతుంది. ఈ లెక్కన స్విఫ్ట్‌లకు ఏ మాట సరిపోతుంది? అవి బారుగా పోవు, వాటికి కాపరి లేడు, పంట ముట్టుకోవు. చివరికి ‘గుంపు’ ఒక్కటే మిగులుతుంది. ఇంగ్లీషు పక్షి పరిశీలకులు మాత్రం వీటి తీరు చూసి ‘అరుపుల బృందం’ అనే అర్థం వచ్చే మాట వాడతారు. గూళ్లు పెట్టే కాలంలో సాయంత్రం పూట ఇళ్ల కప్పుల ఎత్తులో గుంపుగా కీచుమంటూ దూసుకుపోవడం వీటి అలవాటు. ఆ అరుపు విన్నవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పనక్కర్లేదు.

స్వాలో కాదు, స్విఫ్ట్

అబాబీల్ అన్న మాటలో స్వాలో, స్విఫ్ట్ రెండూ కలిసిపోయాయి. చూడటానికి ఒకేలా ఉన్నా వీటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. స్వాలో పిచ్చుక, గోరింక, కాకుల లాంటి కొమ్మ మీద వాలే పక్షుల వర్గానికి చెందుతుంది. స్విఫ్ట్‌కు దగ్గరి బంధువు అమెరికా ఖండాల్లోని హమ్మింగ్‌బర్డ్. గాలిలో పురుగులు పట్టి బతకడం రెండింటి వృత్తీ కాబట్టి, పరిణామ క్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చాయి.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. తీగ మీద వరుసగా కూర్చున్నది స్వాలోనే. మామూలు స్విఫ్ట్‌లు తీగ మీద కూర్చోలేవు. వాటి కాళ్లు చాలా పొట్టి. వేళ్లు గోడనో బండనో ఆకునో పట్టుకుని వేలాడటానికి పనికొస్తాయి కానీ కొమ్మను చుట్టి పట్టుకోవడానికి పనికిరావు. స్విఫ్ట్‌ల శాస్త్రీయ నామం ‘ఏపస్’కు గ్రీకులో ‘పాదాలు లేనిది’ అని అర్థం. ఎగిరేటప్పుడు స్వాలో రెక్క మధ్యలో వంగినట్టు కనిపిస్తుంది. స్విఫ్ట్ రెక్క మొదలు నుంచి చివరి దాకా ఒకే వంపులో కొడవలిలా బిగుసుకుని ఉంటుంది.

గూడు దగ్గర కూడా తేడా ఉంది. ఇంటి చూరుల్లోనూ వంతెనల కిందా గూడు కట్టే స్వాలోలు నీటి అంచున దిగి బురద ఉండలు తెస్తాయి. స్విఫ్ట్ నేల మీదికి దిగదు కాబట్టి గాలిలో తేలే ఈకలు, దూది, గడ్డిపోచలు ఎగురుతూనే పట్టుకుని, తన లాలాజలంతో అతికిస్తుంది. గూళ్లు పెట్టే కాలంలో దాని లాలాజల గ్రంథులు పెద్దవవుతాయి. ఆగ్నేయాసియాలో ఖరీదైన సూప్‌గా అమ్ముడుపోయే ‘పక్షి గూడు’ స్విఫ్ట్ కుటుంబానికే చెందిన చిన్న పక్షుల లాలాజలం. అవి మన అండమాన్, నికోబార్ దీవుల్లోనూ ఉన్నాయి. వాటిలో కొన్ని జాతులు గబ్బిలాల్లాగా శబ్దం చేసి, ప్రతిధ్వనిని బట్టి చీకటి గుహల్లో దారి కనుక్కుంటాయి.

పది నెలలు గాలిలోనే

స్విఫ్ట్‌ల గురించి అందరూ చెప్పే వింత, అవి గాలిలోనే తిని, గాలిలోనే నిద్రపోతాయన్నది. ఇది ఎంతవరకు నిజం?

ఐరోపాలో గూళ్లు పెట్టి, చలికాలం ఆఫ్రికాలో గడిపే కామన్ స్విఫ్ట్ విషయంలో ఇది రుజువైంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండర్స్ హెడెన్‌స్ట్రోమ్ బృందం, సుమారు ఒక గ్రాము బరువున్న పరికరాలను ఈ పక్షులకు అమర్చి, 2016లో ఫలితాలు ప్రచురించింది. గూడు విడిచిన దగ్గర్నుంచి మళ్లీ గూడు చేరేదాకా ఉన్న పది నెలల్లో ఈ పక్షులు 99 శాతానికి పైగా కాలం గాలిలోనే గడిపాయి. కొన్ని మధ్యలో కొన్ని రాత్రులు వాలాయి. కొన్ని అసలు వాలనే లేదు. అంతకుముందు 2013లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఆల్పైన్ స్విఫ్ట్ అనే పెద్ద జాతి 200 రోజులు ఏకధాటిగా ఎగిరినట్టు చూపారు.

సుమారు 40 గ్రాముల బరువుండే కామన్ స్విఫ్ట్ ఇరవై ఏళ్ల దాకా బతకగలదు. అలా బతికిన పిట్ట జీవితకాలంలో ఎగిరే దూరం, చంద్రుడి దాకా ఏడుసార్లు వెళ్లివచ్చినంత ఉంటుందని హెడెన్‌స్ట్రోమ్ అంచనా. మట్టంగా ఎగురుతూ గంటకు 111 కిలోమీటర్ల వేగం అందుకున్నట్టు కూడా ఆయన బృందమే కొలిచింది. నెదర్లాండ్స్‌లో రాడార్‌తో చేసిన పరిశీలనలో, ఈ పక్షులు చీకటి పడుతున్నప్పుడూ తెల్లవారబోయే ముందూ రెండున్నర కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కుతాయని తేలింది. నిద్ర కోసమే అయితే తెల్లవారుజామున మళ్లీ ఎక్కనక్కర్లేదు. అందువల్ల దిక్కులు, వాతావరణం చూసుకోవడానికి కూడా ఎక్కుతాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

అయితే ఇవన్నీ బస్తర్ పిట్టకు వర్తించవు. పత్రికల్లో వచ్చే కథనాలు ఇక్కడే పొరబడుతుంటాయి. వలస పోయే కామన్ స్విఫ్ట్ గురించి తేలిన విషయాన్ని ప్రపంచంలోని స్విఫ్ట్‌లన్నిటికీ అంటగడతారు. మన తాటిచెట్ల పిట్ట వలస పోదు. రాత్రి తన తాటాకు దగ్గరికే వచ్చి, దాన్ని పట్టుకుని వేలాడుతూ నిద్రపోతుంది.

బస్తర్‌లో మూడు రకాలు

బస్తర్‌లోనూ, దాన్ని ఆనుకున్న తెలుగు ప్రాంతాల్లోనూ మూడు రకాల పిట్టలను తేలిగ్గా గుర్తుపట్టవచ్చు.

మొదటిది తాటిచెట్టునే నమ్ముకున్న ఏషియన్ పామ్ స్విఫ్ట్. పొడవు 13 సెంటీమీటర్లు. తాటాకు విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది కదా, వేలాడే ఆకు అడుగున ఆ మడతలో, ఈకలతో, దూదితో చిన్న అరచిప్ప లాంటి గూడు అతికిస్తుంది. అందులో రెండు మూడు గుడ్లు పెడుతుంది. గాలికి ఆకు ఎంత ఊగినా ఆడా మగా రెండూ ఆ గూటినే పట్టుకుని పొదుగుతాయి. బస్తర్‌లో ఇంటింటికీ ఇష్టమైన సల్ఫీ, అంటే మన ఏజెన్సీలోని జీలుగు చెట్టు కూడా తాటి కుటుంబానిదే. కానీ దాని ఆకు చిన్న చిన్న రెబ్బలుగా చీలి ఉంటుంది. ఈ పిట్టకు కావలసిన వెడల్పాటి మడత తాటాకులోనే దొరుకుతుంది.

రెండోది లిటిల్ స్విఫ్ట్. నడుము మీద తెల్లటి పట్టీ, కత్తిరించినట్టుండే తోక దీని గుర్తులు. పాత కోటలు, గుళ్లు, మసీదుల కమానులు, వంతెనల కింద గూళ్లు గుత్తులుగా కడుతుంది. ఊళ్లలో సాయంత్రం వినిపించే కీచు అరుపుల బృందం ఎక్కువగా ఇదే. మనుషులు కట్టడాలు కట్టకముందు రాతి చరియలే దీనికి ఇల్లు.

మూడోది అడవి పిట్ట, క్రెస్టెడ్ ట్రీస్విఫ్ట్. ఇది స్విఫ్ట్‌లకు దాయాది, వేరే కుటుంబం. నీలిబూడిద రంగు, నెత్తిన జుట్టు, మగదానికి బుగ్గ మీద ఇటుక రంగు ఉంటాయి. మిగతావాటికి లేని విద్య దీనికి ఉంది. కొమ్మ మీద కూర్చోగలదు. ఆకులు రాలిన చెట్టు చివరి కొమ్మ మీద, రెండంగుళాలకు మించని చిన్న గూడును బెరడు ముక్కలతో, లాలాజలంతో అతికించి, అందులో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. పొదిగే పక్షి కొమ్మ మీద ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది తప్ప కింద గూడుందని తెలియదు.

చిత్రకోట, తీర్థగఢ్ జలపాతాల దగ్గర నీటి తుంపరల మీద తిరిగే పిట్టలను చూసి అన్నీ ఒకటే అనుకోకండి. అలాంటి చోట్ల స్వాలోలు, స్విఫ్ట్‌లు కలిసి పురుగుల వేట చేస్తాయి. పైన చెప్పిన రెక్క గుర్తు అక్కడ పనికొస్తుంది. జలపాతం వెనక రాతిగోడల్లో గూళ్లు పెట్టే స్విఫ్ట్‌లు కూడా ఉన్నాయి. కర్ణాటకలోని జోగ్ జలపాతం వెనక ఆల్పైన్ స్విఫ్ట్‌ల గూళ్లు అందుకు ప్రసిద్ధి.

పేరున్న పిట్ట, పేరు లేని పిట్ట

బస్తర్ అనగానే గుర్తొచ్చే పక్షి పహాడీ మైనా, అంటే కొండ గోరింక. మనిషి మాటను అనుకరించే ఈ పక్షి ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. మాటలు నేర్చినందుకే పంజరాల పాలై, గూళ్లు పెట్టే తొర్రలున్న పెద్ద చెట్లు పోయి, బాగా తగ్గిపోయింది. జగదల్‌పూర్‌లో పంజరాల్లో పెట్టి పెంచి, సంతతి పెంచాలన్న ప్రయత్నం ఏళ్ల తరబడి సాగినా ఫలితం రాలేదు. ఆడ, మగ పైకి ఒకేలా ఉండటం అక్కడ ఎదురైన పెద్ద చిక్కు. తర్వాత దృష్టి అడవి వైపు మళ్లింది. 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలో స్థానిక యువకులు ‘మైనా మిత్ర’ పేరుతో గూళ్లున్న చెట్లను కనిపెట్టి కాపలా కాస్తున్నారు. ఆ ఉద్యానవనం 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.

మైనాకు ఇదంతా దక్కడానికి ఒక కారణం, అందరికీ దాని పేరు తెలియడం. అది తగ్గిందంటే ఏది తగ్గిందో ఊళ్లో వాళ్లకు అర్థమైంది. స్విఫ్ట్‌లు ఇప్పుడు మైనా అంత ప్రమాదంలో లేవు. పామ్ స్విఫ్ట్, లిటిల్ స్విఫ్ట్ రెండూ ఇప్పటికీ మామూలుగా కనిపించే పక్షులే. కానీ మామూలుగా కనిపించే పక్షి తగ్గడం మొదలైతే ఎంత ఆలస్యంగా తెలుస్తుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ కామన్ స్విఫ్ట్‌ల సంఖ్య 1995 తర్వాత సగానికి పైగా పడిపోయింది. 2021లో దాన్ని ‘ఎర్ర జాబితా’లో చేర్చారు. పాత ఇళ్లకు మరమ్మతులు చేసినప్పుడు చూరు కింద సందులు మూసేయడం, పురుగులు తగ్గిపోవడం కారణాలని చెబుతున్నారు. ఇప్పుడు కొత్త ఇళ్ల గోడల్లో స్విఫ్ట్‌ల కోసం బోలు ఇటుకలు పెట్టాలని అక్కడి ప్రజలు అడుగుతున్నారు.

మన దగ్గర ఆ చూరు స్థానంలో ఉన్నది తాటాకు. పామ్ స్విఫ్ట్‌కు మరో దారి పెద్దగా లేదు. ఈశాన్య కొండల్లో తాటి జాతి ఆకులు కప్పిన గుడిసెల చూరుల్లో గూడు పెట్టిన దాఖలాలున్నాయి కానీ, ఆ కప్పులూ ఇప్పుడు రేకులుగా మారుతున్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, పొలం గట్టు చదును చేసినప్పుడు, ప్లాట్లు వేసినప్పుడు ముందుగా పడేవాటిలో తాటిచెట్టు ఒకటి. కొత్త తాటిచెట్టు ఎదిగి కాపుకు రావడానికి పది పదిహేనేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2021లో కలెక్టర్ అనుమతి లేకుండా తాటిచెట్టు కొట్టకూడదని ప్రకటించింది. అది చెట్టు కోసం, దాని మీద బతికే మనుషుల కోసం తీసుకున్న నిర్ణయం. ఆ చెట్టుతోపాటు పిట్ట కూడా బతుకుతుంది.

లెక్కకూ పేరే ఆధారం. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది. దానికి ఆధారం చాలావరకు మామూలు పక్షి ప్రేమికులు ఎక్కడ ఏ పిట్టను చూశారో రాసి పంపిన జాబితాలే. స్వాలో, స్విఫ్ట్ తేడా తెలియనివారు రాసే జాబితాలో ఈ పిట్ట ఉండదు, లేదా తప్పు పేరుతో ఉంటుంది. అడవిలో, పల్లెలో రోజూ దాన్ని చూసేవాళ్ల దగ్గర దానికొక తెలుగు పేరు ఉంటే, ఆ లెక్క ఇంగ్లీషు తెలిసిన నగరవాసుల దగ్గరే ఆగిపోదు.

మనం చేయగలిగింది

తాటాకు కొట్టేవారికి, గీత కార్మికులకు ఒక విన్నపం. ఈ పిట్ట ఏడాదిలో దాదాపు ఏ నెలలోనైనా గూడు పెడుతుంది. ఎండి వేలాడే ఆకుల చుట్టూ పిట్టలు అదేపనిగా వచ్చిపోతుంటే, ఆ ఆకులను కొన్ని వారాలు వదిలేస్తే పిల్లలు ఎగిరిపోతాయి. పాత గుడికీ కోటకీ మరమ్మతులు చేయించేవారు కమానుల కింద ఈకల గూళ్లు కనిపిస్తే, పిల్లలు వెళ్లాక పని మొదలుపెట్టవచ్చు.

ఎప్పుడైనా నేల మీద పడిన స్విఫ్ట్ దొరికితే గాలిలోకి విసరకండి, నీళ్లు తాగించకండి. గాలి తగిలే అట్టపెట్టెలో ఉంచి, దగ్గర్లోని అటవీ శాఖ వాళ్లకో, పక్షి సంరక్షకులకో చెప్పండి. పొట్టి కాళ్ల వల్ల అది నేల మీద నుంచి లేవడానికి ఇబ్బంది పడుతుంది. అంతమాత్రాన దానికి కాళ్లు విరిగాయని అనుకోనక్కర్లేదు.

ఇక పేరు సంగతి. గోదావరికి ఇటూ అటూ, శబరి ఒడ్డున, ఇంద్రావతి ఒడ్డున కోయ, దోర్లా, తెలుగు మాట్లాడే ఊళ్లలో ఈ పిట్టకు ఇప్పటికే ఒక పేరు ఉండి ఉండవచ్చు. తాటిచెట్టు ఎక్కేవాళ్లకు అది తెలిసే అవకాశం ఎక్కువ. మీ ఊళ్లో దీన్ని ఏమంటారో, ఒక్క పిట్టను ఏమంటారో, గుంపును ఏమంటారో ఒకసారి వాళ్లను అడిగి రాసిపెట్టుకోండి.